కొనుగోళ్ల కమిటీ వారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ కొనుగోళ్ల కమిటీ ఛైర్మన్ గారికి, కాలేజీ సర్వర్ రూము సేవకుడు చేయు విన్నపములు.

తమరు ఎల్1, అంటే అందరికన్నా తక్కువ కొటేషన్, చూసి ఎంపిక చేసిన బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మొన్న మంగళవారం దాకా దివ్యంగా నడిచింది. రోజూ తెల్లారేసరికి పచ్చ టిక్కు. దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే తమరు దణ్ణం బొమ్మ పంపేవారు. బుధవారం ఎగ్జామ్ బ్రాంచి సర్వర్ డిస్కు పోయింది. బ్యాకప్ తెరిస్తే డిగ్రీ మార్కులు లేవు.

ఆ లినక్స్ సర్వర్లో ‘రిజల్ట్స్’ ఫోల్డర్లు రెండు. పెద్ద ఆర్‌తో ఉన్నది డిగ్రీది, చిన్న ఆర్‌తో ఉన్నది పీజీది. తమరు కొన్నదానికి లినక్స్ ఏజెంట్ లేదు, అది విడి లైసెన్సు, ఎల్1లో రాలేదు. కాబట్టి అది నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు లాగి విండోస్ డిస్కులో పడేస్తుంది. విండోస్‌కి పెద్ద ఆర్, చిన్న ఆర్ ఒకటే. రెంటిలోనూ ‘సెమ్1’ అనే ఫైలుంది. ముందు డిగ్రీది కూర్చుంది, పీజీది వచ్చి దాని నెత్తిన కూర్చుంది. పచ్చ టిక్కు!

ఏమండీ, మొదటి మీటింగులోనే చెప్పానా లేదా? మన సర్వర్లలో విండోస్ మూడు, డెబియన్ నాలుగు, ఎవరో పుణ్యాత్ముడు 2014లో పెట్టి వెళ్లిపోయిన ఫ్రీబీఎస్‌డీ ఒకటి. విండోస్‌లో షాడో కాపీ వాడకపోతే తెరిచి ఉన్న టాలీ ఫైలు చేతికి రాదు. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాకి ముందు మైఎస్‌క్యూఎల్ డంప్ తియ్యాలి. నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లని ఆర్‌సింక్‌తో లాగితే వచ్చేది కదిలిపోయిన గ్రూప్ ఫొటో. బాకులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అయితే మూడు రకాలకీ ఏజెంట్ ఉంది, లైసెన్సుకి పైసా అక్కర్లేదు అన్నాను. ‘‘ఉచితమైతే మూడు కొటేషన్లు ఎవరిస్తారయ్యా?’’ అన్నారు తమరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గులేక.

ఇప్పుడు ముగ్గురు లెక్చరర్లు అవార్డు లిస్టులు ముందేసుకుని మార్కులు మళ్లీ కొడుతున్నారు. నేను ఆ గది ముందు నుంచి క్యాంటీన్‌కి వెళ్లడం మానేశాను.

గిట్‌ల్యాబ్ అంతటి కంపెనీలో 2017 జనవరి 31న ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. బ్యాకప్ ఏర్పాట్లు ఐదున్నాయి, తీరా చూస్తే ఏదీ అక్కరకు రాలేదు. బ్యాకప్ ఫెయిలైందని చెప్పాల్సిన మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. ఆ ఇంజనీరే వేరే పనికని ఆరు గంటల ముందు చేత్తో తీసుకున్న కాపీ వాళ్ల పరువు కాపాడింది. వాళ్లు ఆ కథంతా దాచకుండా చెప్పుకున్నారు. మన దగ్గర నాకు మెమో వచ్చింది. యూపీఎస్ బ్యాటరీల ఫైలు రెండేళ్లుగా తమ బల్ల మీదే ఉంది, దానికి మెమో ఎవరికో!

సరే, పోనివ్వండి. నాకు కొత్త సాఫ్ట్‌వేర్ వద్దు, టేపు డ్రైవు వద్దు. నెలకి ఒక్క ఆదివారం, ఒక పాత ఖాళీ సర్వర్ ఇప్పించండి. బ్యాకప్ నుంచి ఒక్కో మెషీన్ని లేపి చూసుకుంటాను. కాంపాఫ్ కూడా అడగను. దయచేసి ఇప్పించండి సార్.

ఇంకొక్క మాట. ఈ బ్యాకప్‌లు పడే ఎక్స్‌టర్నల్ డిస్కు ఇప్పుడు సర్వర్ నెత్తి మీదే ఉంది, కేబుల్ అంతవరకే అందుతుంది. దాని పైన ఏసీ కారుతోంది. పక్కన బకెట్ పెట్టాను. నా డబ్బులతో కొన్నాను కాబట్టి కొటేషన్లు జతచేయలేదు.