తీరిక సారుకు శుభలేఖ

సమయపాలన సారూ,

మొన్న మా దిక్కు ఫంక్షన్ హాల్లో మీ ఉపన్యాసం విన్నాను. "చిల్లర పైసలు పారేస్తామా? మరి చిల్లర నిమిషాలు ఎందుకు పారేస్తున్నారు? బస్సు కోసం నిలబడ్డప్పుడు ఐదు, కుక్కరు మూడు కూతలు వేసేలోగా పది, పక్కమీద వాలేముందు పదిహేను. ఏరి కూడబెట్టండి. ఏడాది తిరిగేసరికి మీ కల మీ గుప్పిట్లో ఉంటుంది!" అన్నారు. హాలు చప్పట్లతో మోగింది. ఏసీ చల్లగా ఉంది, కుర్చీ మెత్తగా ఉంది, అయిపోయాక బగారా అన్నం పెట్టారు. నా మట్టుకు నేను ఆ రెండు గంటలూ ఫోన్లో రీల్స్ చూసి సద్వినియోగం చేసుకున్నాను.

ఒక్కటే వెలితి. ఆ హాల్లో బీడీ చుట్టే చెయ్యి ఒక్కటీ లేదు, మరమగ్గం నడిపే మనిషి ఒక్కడూ లేడు. వాళ్లకు తీరిక చిక్కలేదు. తీరిక గురించి వినడానికి తీరిక ఉన్నవాళ్లే వచ్చారు. జ్వరం లేనివాళ్లను వరుసలో నిలబెట్టి మాత్రలు పంచినట్టయింది. అందుకే ఈ శుభలేఖ. ముహూర్తం మీ ఇష్టం. వేదిక మూడూళ్లు: కోరుట్ల, సిరిసిల్ల, జగిత్యాల. కట్నకానుకల సంగతి చివర రాస్తాను. వచ్చేటప్పుడు స్టాప్‌వాచీ మరవకండి.

జగిత్యాల టవర్ సర్కిల్ కాడ బండెక్కి ముందుగా కోరుట్ల పోదాం. ఏ వాడకట్టులోకి పోయినా అరుగు మీద నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉంటారు. "పొద్దున్నే ముచ్చట్లు, సమయం వృథా!" అని మీరు పుస్తకంలో రాసుకోబోతారు. మొహాలు కాదు సారూ, చేతులు చూడండి. ఒళ్లో చాట ఉంది. చాటలో నానబెట్టి కత్తిరించిన తునికాకు, పక్కనే తంబాకు. ఆకు చేతికొస్తుంది, తంబాకు పడుతుంది, చుట్ట తిరుగుతుంది, దారం బిగుస్తుంది. నోరు మాత్రం ఎవరింట్లో పిల్ల పెళ్లి కుదిరిందో చెబుతూనే ఉంటుంది. ఒకేసారి రెండు పనులు చేయడానికి మీరు పెద్ద పేరొకటి పెట్టి, ఫీజు కట్టించుకుని రెండు రోజులు శిక్షణ ఇస్తారు. ఇక్కడ దాని పేరు బీడీలు చేసుడు. శిక్షణ అమ్మమ్మ ఇచ్చింది, ఫీజు లేదు.

ఇప్పుడు స్టాప్‌వాచీ తీయండి. కూలి వెయ్యి బీడీల లెక్కన. పది గంటలు కూర్చుని వెయ్యి చేస్తే ఒక్కో బీడీకి 36 సెకన్లు. ఆకు కత్తిరించడం, చంటిదాని ముక్కు తుడవడం, పొయ్యిమీది పప్పు కలబెట్టడం, అన్నీ ఆ 36లోనే. ఇక మీ సూత్రాలను మా గడియారంలోకి మార్చుకుందాం. ఐదు నిమిషాల ధ్యానం: ఎనిమిది బీడీలు. ఇరవై నిమిషాల పుస్తక పఠనం: ముప్పైమూడు బీడీలు. అరగంట నడక: యాభై. ఏ అలవాటైనా 21 రోజులు చేస్తే ఒంటబడుతుందన్నారు కదా. ఇక్కడ 21 రోజులంటే 21 వేల బీడీలు. ఒంటబట్టేది నడుము నొప్పి.

"అమ్మా, నీ లక్ష్యం ఏంది?" అని అడిగి చూడండి. "వెయ్యి" అంటుంది. "ఇయ్యాల్టిది కాదమ్మా, జీవిత లక్ష్యం" అనండి. "పెన్షన్ సారూ" అంటుంది. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయలతో జీవనభృతి మొదలై, 2019లో 2,016 అయింది. పెళ్లిలో చదివింపులు చదివించినట్టు చివర పదహార్లు తగిలించారు. పెళ్లివారు కూడా ఒక్కసారే ఇస్తారు కాబట్టి నెలనెలా ఇచ్చే సర్కారును తప్పు పట్టను. కానీ ఒళ్లో చాటతో పొద్దుగూకులూ కూర్చునే మనిషికి పైనుంచి భృతి ఇవ్వాల్సి వచ్చిందంటే, ఆ పనికొచ్చే కూలి బతకడానికి చాలదని సర్కారే చేవ్రాలు చేసి ఇచ్చినట్టు. అంతకన్నా సాక్ష్యం ఎందుకు?

అసలు తీరిక అన్న మాట ఈ వాడలకు మీకన్నా ముందే వచ్చింది సారూ. మొదటినుంచీ బీడీ పనికి ఉన్న బిరుదే అది: ఆడవాళ్లు ఇంటిపట్టున కూర్చుని తీరిక వేళల్లో చేసుకునే పని. ఎంత అందమైన మాట! షెడ్డు కట్టే ఖర్చు లేదు, కరెంటు బిల్లు లేదు, కూర్చునే అరుగు కూడా ఆమెదే. కూలి పెంచమంటే అది తీరిక వేళల పని. లెక్క తక్కువైతే మాత్రం అది డ్యూటీ. ఇంటికాడ చుట్టేవాళ్లు కూడా కార్మికులేనని 1966లో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం ఢిల్లీ నుంచి బయలుదేరింది, బిరుదు అరుగు మీదే కూర్చుంది. ఇద్దరూ ఇంకా ఎదురుపడలేదు.

కోరుట్ల దాటి అటు పోతే ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ. అక్కడ మీ ఉపన్యాసం అక్కర్లేదు. 2015 డిసెంబరులో మూతపడింది. ఆ పొద్దు నుంచి అక్కడి కార్మికులకు తీరికే తీరిక. దాన్ని ఎట్లా వాడుకోవాలో తెలిసిన కుర్రాళ్లు మా దిక్కున ఎప్పుడో దుబాయి, మస్కట్ విమానాలెక్కారు. వారమంతా ఎండలో కాగి, సెలవుపూట ఇమో వీడియో కాల్‌లో పిల్లల మొహాలు చూసుకుంటారు. వీడియోలో బిడ్డ చేత ఎక్కాలు అప్పజెప్పించుకునే తండ్రిని మించిన సమయపాలకుడు మీ చిట్టాలో ఎవరైనా ఉంటే చెప్పండి, పొగుడుతాను.

ఇక సిరిసిల్ల. ఇక్కడ ఉపన్యాసం కొంచెం గట్టిగా చెప్పాలి. మరమగ్గాన్ని ఇక్కడ సాంచా అంటారు. ఒక్క షెడ్డులో పదుల సాంచాలు ఒక్కసారి దడదడలాడుతుంటే మనుషులు సైగలతో మాట్లాడుకుంటారు. మీ మైకు సెట్టు సరిపోదు. పొద్దున షిఫ్టు పన్నెండు గంటలు, రాత్రి షిఫ్టు పన్నెండు గంటలు. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువకులు వారానికి 70 గంటలు పనిచేయాలంటే దేశమంతా ఉలిక్కిపడింది. సిరిసిల్ల ఉలిక్కిపడలేదు. ఆరు పన్నెండ్లు డెబ్బైరెండు. ఆయన చెప్పకముందే రెండు గంటలు ఎక్కువ చేసి పెట్టాం. 2025లో ఎల్ అండ్ టీ సుబ్రహ్మణ్యన్ గారు 90 గంటలన్నారు, ఆదివారం ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపు చూస్తారని అడిగారు. ఆ బెంగ కూడా మాకు లేదు. మా ఇళ్లలో మొగుడు రాత్రి సాంచాల మీద, పగలు నిద్రలో. పెళ్లాం పగలు బీడీల చాట మీద, రాత్రి నిద్రలో. మొహాలు చూసుకునే వృథా ఖర్చు ఎన్నడో తగ్గించుకున్నారు.

మరి చిల్లర నిమిషాలు? ఉన్నాయి సారూ. కరెంటు పోయినప్పుడు వస్తాయి. పోగు తెగినప్పుడు రావు, అప్పుడు ఉరకాలి. కూలి నేసిన మీటర్ల లెక్కన కాబట్టి కరెంటు పోయిన నిమిషం జేబులోంచి పోయిన నిమిషం. పెద్ద తీరిక కావాలంటే అది సర్కారే మంజూరు చేస్తుంది. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చింది, సాంచాలు ఊపిరి పీల్చుకున్నాయి. 2024లో ఆ ఆర్డరు ఆగింది, సాంచాలు ఆగాయి, వైపని చేసేవాళ్లు, వార్పిన్ నడిపేవాళ్లు, కండెలు చుట్టే ఆడవాళ్లు అందరికీ ఒక్కసారే తీరిక దొరికింది. మీరు ఆ నెలల్లో రావాల్సింది. షెడ్లు నిశ్శబ్దంగా ఉండేవి, మైకు కూడా అక్కర్లేకపోయేది. కాకపోతే వినేవాళ్లు అప్పులవాళ్లకు కనబడకుండా తిరుగుతూ ఉండేవారు.

మా వాళ్లకు పట్టుదల లేదంటారేమో. ఇదే సిరిసిల్లలో నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారు. కొడుకు విజయ్ అదే విద్యను నిలబెట్టారు. ఇదే జిల్లా నేత కార్మికుడు వెల్ది హరిప్రసాద్ తన చేత్తో జీ-20 చిహ్నాన్ని నేసి ప్రధానికి పంపితే, 2022 నవంబరు 27న ఆయన మన్ కీ బాత్‌లో ఆ పేరు చెప్పి మెచ్చుకున్నారు. ఆరు గజాల చీరను అగ్గిపెట్టెలో ఇమిడ్చిన ఊరికి ఇరవై నాలుగు గంటల్లో బతుకును ఇమడ్చడం చేతకాలేదంటే, లోపం మడత పెట్టేవాళ్లదా, అగ్గిపెట్టె కొలత నిర్ణయించేవాళ్లదా?

మళ్లీ జగిత్యాలకు వద్దాం. ఇక్కడ మీ పాఠానికి అచ్చంగా సరిపోయే మనిషి ఒకడున్నాడు: అలిశెట్టి ప్రభాకర్. బతుకుదెరువుకు ఫొటోలు తీశాడు. జగిత్యాలలో పూర్ణిమ, కరీంనగర్‌లో శిల్పి, హైదరాబాద్‌లో చిత్రలేఖ. ఊరు మారినప్పుడల్లా స్టూడియో పేరు మారింది, బాకీలు మారలేదు. గిరాకీకీ గిరాకీకీ నడుమ దొరికిన సందులో కవిత రాశాడు, బొమ్మ వేశాడు. ఆంధ్రజ్యోతిలో 'సిటీ లైఫ్' పేరుతో నాలుగు ముక్కల్లో నగరాన్ని కోసి పెట్టాడు. చిల్లర నిమిషాలకు ఇంతకన్నా వడ్డీ ఎవరు రాబట్టారు? మీ పుస్తకంలో విజేత ఫొటో కింద ఆయన పేరు వేసుకోవచ్చు. కాకపోతే చివరి పేరా కొంచెం ఇబ్బంది పెడుతుంది. ఆయన 1993 జనవరి 12న, తన పుట్టినరోజు నాడే, క్షయతో పోయాడు. నలభై ఏళ్లు కూడా నిండలేదు. ఆయనకు సమయపాలన తక్కువ కాలేదు సారూ, పాలు, గుడ్లు, మందులు తక్కువయ్యాయి. ఆ వెలితిని మేము తీర్చుకుంటూనే ఉన్నాం. ఏటా జనవరి 12న సభ పెట్టి, ఒక్కో వక్త గంటేసి మాట్లాడి, రెండు పాదాల్లో తేల్చి చెప్పిన కవికి నివాళి అర్పిస్తాం.

అందుకని ఒక మనవి. మీ ఐదు నిమిషాల సూత్రం అరుగుల మీద కాదు, కౌంటర్ల అవతల చెప్పండి. బీడీలు చేసే ఆమె పేరు పీఎఫ్ కాగితంలో లక్ష్మి, ఆధార్‌లో లచ్చవ్వ. ఇద్దరూ ఒక్కరేనని తేల్చడానికి ఆమె ఎన్నిసార్లు బస్సెక్కాలో, ఒక్కో తిరుగుడుకు ఎన్ని వందల బీడీలు పోతాయో మీ స్టాప్‌వాచీతో కొలిచి, కుర్చీలో ఉన్నాయనకు చూపించండి. ఫైలు మీద ఆయన పెట్టే ఐదు నిమిషాలు ఆమెకు ఐదేళ్ల తీరిక. కూలి నిర్ణయించే గదుల్లోకి పోయి చెప్పండి. వెయ్యికి వచ్చే కూలి ఏడు వందలకే వస్తే, మిగిలిన మూడు వందల బీడీల పొద్దు ఆమెది. దాంతో ఏం చేయాలో ఆమెకు మీరు చెప్పక్కర్లేదు. చదువుకుంటుందో, బతుకమ్మ పాట కడుతుందో, కాళ్లు చాపుకుని ఏమీ చేయకుండా కూర్చుంటుందో, ఆమె ఇష్టం. ఏమీ చేయకుండా కూర్చునే హక్కును మీరైతే విశ్రాంతి అంటారు, ఆమెకు వచ్చేసరికి బద్ధకం అంటారు.

ఇక కట్నకానుకలు. మీరు గంటకు తీసుకునే రేటు మా ఊర్లు మోయలేవు. అందుకని ఇక్కడి పద్ధతే పెట్టుకుందాం: వెయ్యి మాటలకు ఇంత. ముడిసరుకు మేమే ఇస్తాం. సరుకు పుచ్చిపోయి వెయ్యి మాటలు కాకపోతే తక్కువ పడ్డవి మీరు సొంతంగా కొని కలపాలి. సాయంత్రం మాటలన్నీ గంపలో పట్టుకొస్తే మా మనిషి ఏరతాడు. ఎక్కడో విన్నట్టున్నవి, లోపల ఏమీ లేనివి, కొస సరిగ్గా మడవనివి పక్కన పడేస్తాడు. వాటికి కూలి రాదు, తిరిగి మీకూ ఇవ్వం. నెలలో ఎన్నిరోజులు పని ఉంటుందో ముందుగా చెప్పలేం.

భయపడకండి సారూ. పెద్ద కష్టమేం కాదు. ఇంటిపట్టున కూర్చుని తీరిక వేళల్లో చేసుకునేదే.