ఇరుసు సంజీవని

అవతారిక

కాళిదాస కావ్యాలకు మల్లినాథుడు ‘సంజీవని’ రాశాడు. మూలంలో లేని ముక్క రాయనని ఒట్టు పెట్టుకుని మరీ రాశాడు. ఈ వ్యాఖ్యాతకు అంత కట్టుబాటు అక్కర్లేదు. మూలమూ నాదే, వ్యాఖ్యా నాదే. కవిహృదయం వ్యాఖ్యాతకు అందలేదని రేపు ఏ విమర్శకుడూ అనలేడు.

రచనా స్థలం బెజవాడ జవహర్ ఆటోనగర్. లారీ బాడీల సుత్తి మోతలూ, వెల్డింగు మెరుపులూ, పాత ఇంజనాయిలు వాసనా కలిసిన ఆ గురుకులంలో ఇనుముకు సంబంధించిన ఏ సందేహమైనా తీరుతుంది. సందర్భం కూడా చెప్పాలి. కృష్ణా డెల్టా నేల రేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, మీదున్న తారురోడ్డునూ తనతోపాటే ఆడిస్తుంది. పైగా 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు ఊరి మీద పడటం, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద రావడం అందరం చూశాం. సింగ్‌నగర్‌లో నీళ్లలో మునిగిన కార్లను చూసినవాడికి తన బండి ఇంకో రెండంగుళాలు ఎత్తుంటే బాగుండుననిపించడం సహజం. రెండంగుళాలతో బుడమేరును దాటలేమన్నది వేరే శాస్త్రం.

మూలం (తేటగీతి)

వెనుక నెత్తిన కారుకు వింత జబ్బు
ఇరుసు పక్కకు జరుగుచు నెటకొ చూచు
కడ్డి పొడవును సరిజేసి కట్టు నట్టు
భువిని చక్రాల నిలిపియే బోల్టు తిప్పు

ప్రతిపదార్థం

వెనుకన్ = వెనుక భాగమందు; ఎత్తిన = కంపెనీ ఇచ్చిన స్ప్రింగులు ఊడదీసి, బయట కొన్న పొడుగు స్ప్రింగులు వేయించిన; కారుకు = ఇన్నోవా, ఫార్చ్యూనర్ మొదలైన, వెనుక గట్టి ఇరుసూ కాయిలు స్ప్రింగులూ గల బండికి; వింత జబ్బు = స్టీరింగు వంకరగా పట్టుకుంటే తప్ప తిన్నగా పోకపోవుట మొదలగు రోగము; ఇరుసు = రెండు వెనుక చక్రాలను ఒక్కటిగా కలిపి, నడుమ క్రౌను పినియన్లను మోసే హౌసింగు; పక్కకు = చాసిస్‌కు రాడ్డు ఏ వైపున కట్టి ఉన్నదో ఆ వైపునకు; జరుగుచున్ = కొన్ని మిల్లీమీటర్లు తొలగుచు; ఎటకొ చూచు = బండి చూచు దిక్కు విడిచి వేరొక దిక్కు చూచును; కడ్డి = పాన్‌హార్డ్ రాడ్డు యొక్క; పొడవును సరిజేసి = కావలసినంత పెంచి; నట్టు = జామ్ నట్టును; కట్టు = బిగింపుము; భువిని = నేల మీద; చక్రాల నిలిపియే = నాలుగు చక్రాలనూ ఆనించిన పిమ్మటనే; బోల్టు తిప్పు = బుష్షు బోల్టులను బిగింపుము.

తాత్పర్యం

స్ప్రింగులు మార్చి వెనుక భాగం ఎత్తు పెంచితే ఇరుసు మధ్యలో నిలవదు. పొడవు మార్చుకోగలిగే రాడ్డు వేసి దాన్ని మధ్యకు తేవాలి. చివరి బిగింపులు బండి నేల మీద నిలబడ్డాకే చేయాలి.

వ్యాఖ్య

‘పక్కకు’ అన్నాడు కవి. ఎంత పక్కకు? కవులకు లెక్కలు గిట్టవు గనుక ఆ భారం వ్యాఖ్యాత మీద పడింది. రాడ్డు ఒక కొన చాసిస్‌కూ, రెండో కొన ఇరుసుకూ ఉంటుంది. చాసిస్ కొన సాధారణంగా పైన, ఇరుసు కొన కింద. రాడ్డు పొడవు 900 మిల్లీమీటర్లు, రెండు కొనల ఎత్తు తేడా 100 మిల్లీమీటర్లు అనుకుందాం. లంబకోణ త్రిభుజం లెక్కన అడ్డ దూరం 894.4. ఇప్పుడు బండిని 50 మిల్లీమీటర్లు ఎత్తితే తేడా 150 అవుతుంది, అడ్డ దూరం 887.4కు తగ్గుతుంది. అంటే ఇరుసు 7 మిల్లీమీటర్లు చాసిస్ కొన వైపు లాగబడింది. ఒక టైరు 7 బయటికి, రెండోది 7 లోపలికి. వెనుక నుంచి చూసేవాడికి రెండు వైపులకూ 14 మిల్లీమీటర్ల తేడా కనిపిస్తుంది. మందు కూడా ఆ లెక్కలోనే ఉంది: రాడ్డు 907 ఉండాలి. రాడ్డు నడుమ గొట్టానికి ఒక కొనన కుడి మర, ఇంకో కొనన ఎడమ మర ఉండి, మర అడుగు 2 మిల్లీమీటర్లయితే ఒక చుట్టుకు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. ఒకటీ ముప్పావు చుట్టు తిప్పితే ఇరుసు మధ్యకొస్తుంది. ఇంత చిన్న పనికి పద్యం అవసరమా అనకండి. చాలామంది స్ప్రింగులు కొంటారు, ఈ రాడ్డు మాత్రం కొనరు. అందుకే పద్యం.

‘ఎటకొ చూచు’ అన్నచోట కవి తొందరపడ్డాడు. ఇరుసు పక్కకు జరగడం ఒక రోగం, వంకరగా తిరగడం ఇంకొకటి. రాడ్డు మొదటిదాన్నే ప్రధానంగా నయం చేస్తుంది. రెండోది ఇరుసు ముందుకూ వెనక్కూ పోకుండా చాసిస్‌కు పట్టి ఉంచే ఆర్ముల (కింద రెండు, పైన రెండు) వల్ల వస్తుంది. కింది రెండు ఆర్ములు సమానంగా లేకపోతే ఒక వెనుక చక్రం ముందుకు, ఇంకొకటి వెనక్కు పోతుంది. ముందు చక్రం నుంచి వెనుక చక్రానికి దూరం ఒక వైపు 10 మిల్లీమీటర్లు ఎక్కువుందనుకోండి. రెండు వెనుక చక్రాల మధ్య ఎడం 1500 అయితే ఇరుసు 0.38 డిగ్రీలు వంకరపోయినట్టు. లారీవాళ్లు దీన్నే ‘బండి క్రాస్ పోతోంది’ అంటారు. బందరు రోడ్డు మీద ముందు చక్రాల జాడలో వెనుక చక్రాలు పడకుండా పక్కవాటుగా పోయే లారీని చూడనివాడు ఈ జిల్లాలో ఉండడు. నాలుగు ఆర్ములనూ ఒక్క మాటలోనైనా స్మరించకపోవడం కవి లోపం. తేటగీతిలో చోటు చాలలేదని నేను ఆయన తరఫున క్షమాపణ చెబుతున్నాను.

పూర్వపక్షం

టైరు షాపులో అలైన్‌మెంటు మిషను దగ్గర కూర్చున్న కుర్రాడు ఏమంటాడంటే: ‘వెనక ఇరుసుకు అలైన్‌మెంటు ఉండదు సార్, అది ఒకటే ముక్క.’ వినడానికి అద్వైతం లాగే ఉంటుంది, కొట్టిపారేయడం కష్టం.

సిద్ధాంతం

ఒకటే ముక్క అన్నది నిజమే. కావడిబద్దలా రెండు కొనలూ ఒకే కర్ర, ఒక కొన కదిలితే రెండో కొన ఊరుకోదు. అందుకే చక్రం చక్రానికీ విడిగా టో, కేంబర్ దిద్దడం కుదరదు. కానీ ముక్క మొత్తం మూడు తీర్ల తప్పు చోట ఉండగలదు: పక్కకు జరిగి, వంకరగా తిరిగి, తన చుట్టూ తాను దొర్లి. మొదటిదానికి రాడ్డు. రెండోదానికి కింది ఆర్ములు. మూడోదానికి పై ఆర్ములు, ఎందుకంటే ఇరుసు దొర్లితే పినియన్ ముక్కు పైకో కిందికో చూస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్టు రెండు కొనల్లో ఉండే క్రాసు జాయింట్లు 17వ శతాబ్దపు ఇంగ్లండు పండితుడు హుక్ పేరు మోస్తున్నవి. వంగి తిరిగేటప్పుడు ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పెంచి, రెండుసార్లు తగ్గిస్తాయి. రెండు జాయింట్లూ ఒకే కోణంలో ఉంటే ఒకదాని తప్పును ఇంకొకటి కొట్టేస్తుంది. లేకపోతే సీటు కింద గుర్రుమనే వణుకు పుడుతుంది. దాన్ని టైరు బ్యాలెన్సు దోషమనుకుని డబ్బు పోసినవారి సంఖ్య ఈ వ్యాఖ్యాతకు అనవసరం.

కనుక క్రమం ఇది. ముందు కింది ఆర్ములతో ఇరుసును చదరం చేయాలి, తర్వాత పై ఆర్ములతో పినియన్ కోణం, ఆఖరున రాడ్డుతో మధ్యకు తేవడం. కొలతకు పెద్ద మిషను అక్కర్లేదు. తాపీ మేస్త్రి తూకం గుండును చాసిస్ నుంచి వేలాడదీసి, రెండు వైపులా చక్రం అంచుకు ఎంత దూరముందో టేపుతో చూస్తే చాలు.

లక్షణ చర్చ

పద్యానికి అతివ్యాప్తి దోషం ఉందని తార్కికులంటారు, ఒప్పుకోవాలి. 2014లో తయారీ ఆగిన అంబాసిడర్‌కూ, నేటి బొలేరోకూ వెనుక ఉన్నవి కమాన్ కట్టలు. వాటికి ఈ కడ్డి లేదు. బరువు మోసేదీ, ఇరుసును పట్టి ఉంచేదీ ఆ పట్టీల కట్టే. అక్కడ సెంటర్ బోల్టు తల ఇరుసు దిమ్మె రంధ్రంలో కూర్చుంటుంది, యూ బోల్టులు వదులై ఆ సెంటర్ బోల్టు తెగిందా, ఇరుసు వెనక్కు జారి బండి క్రాస్ పోతుంది. ఎత్తు కోసం పొడుగు షాకిళ్లు వేస్తే పినియన్ ముక్కు తిరుగుతుంది. దానికి కట్ట కింద ఇనుప చీలికలు పెట్టాలి. స్కార్పియో ఎన్ (2022), థార్ రాక్స్ (2024) విషయంలోనూ పద్యం చెల్లదు. వాటికి వాట్స్ లింకేజీ ఉంది. జేమ్స్ వాట్ 1784లో ఆవిరి యంత్రం కోసం పేటెంటు తీసుకున్న కీలు అమరిక అది. తాను కనిపెట్టిన వాటన్నిటికన్నా ఆ తిన్నని కదలికకే గర్వపడతానని ముసలితనంలో కొడుక్కి రాశాడాయన. ఇరుసు దాదాపు నిటారుగా లేచి దిగుతుంది గనుక ఎత్తినా పక్కకు పోదు.

పదవిశేషాలు

‘కట్టు నట్టు’ శ్లేష: నట్టు కట్టుమని ఒక అర్థం, కట్టునటువంటి విధంగా అని ఇంకొకటి. రెండర్థాలలోనూ నట్టు బిగియాలి గనుక వివాదం లేదు.

‘జబ్బు’, ‘ఇరుసు’ల మధ్య సంధి చేయకపోవడం దోషమని వైయాకరణులు కన్నెర్ర చేస్తారు. ఇరుసుకూ దాని పైనుండే బంపు స్టాపుకూ మధ్య ఖాళీ ఉండితీరాలని సూచించడానికే కవి సంధి మానాడని సమాధానం. ఇంతకన్నా మంచి సమాధానం నా దగ్గర లేదు.

‘భువిని’ అన్న మాటలోనే కవి గొప్పదనమంతా ఉంది. బండిని లిఫ్టు మీద ఎత్తి, చక్రాలు వేలాడుతుండగా బోల్టులు బిగించడం లోకంలో కద్దు. అప్పుడు బుష్షులోని రబ్బరు ఆ వేలాడిన స్థితిలో పట్టుబడుతుంది. బండి కిందికి దిగగానే మెలిపడి, నిలబడి ఉన్నప్పుడు కూడా మెలికలోనే ఉండి, కొద్ది కాలానికి చిరుగుతుంది. రాడ్డు కొలత కూడా వేలాడే స్థితిలో తీస్తే తప్పే వస్తుంది. ‘గగనమున చక్రాల నిలిపియే’ అన్న పాఠం కొన్ని షెడ్లలో ఆచరణలో ఉన్నా అది అపపాఠం, దానికి యతి కూడా కుదరదు. ట్యాంకులో మామూలుగా ఉండేంత పెట్రోలు, మామూలు సామాను ఉంచి, చదునైన గచ్చు మీద నిలిపి బిగించమని సంప్రదాయం.

నిషేధం

రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పింది. ఎత్తడానికి ముందు ఆర్‌టీఓ ఆఫీసులోనూ, బీమావారి దగ్గరా ఏది చెల్లుతుందో అడిగి తెలుసుకోవడం మేలు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని రోజూ పఠించినవారికి ఏ ఫలమూ రాదు. రాడ్డు దిద్దించుకున్నవారు మాత్రం 500 కిలోమీటర్లు, అంటే బెజవాడ నుంచి బందరు మూడు నాలుగుసార్లు వెళ్లొచ్చేటంత దూరం తిరిగాక, జామ్ నట్టును మరోసారి బిగించి చూసుకోండి.