ఎర్ర నక్షత్రానికి ఒక చుక్క

వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్ అంటే కొనుగోళ్లు, స్టాకు, అమ్మకాలు, జీతాలు, పన్నులు అన్నీ ఒకే చోట నడిపే వ్యవస్థ. 1990లో గార్ట్‌నర్ అనే పరిశోధన సంస్థ దానికి ఈఆర్‌పీ అని పేరు పెట్టింది. దానితో సంబంధం ఉన్నవారు మూడు తెగలు: అమ్మేవారు, కొనేవారు, వాడేవారు. మొదటి రెండు తెగలూ ఏసీ గదిలో ఒకే బల్ల దగ్గర కూర్చుంటాయి. ఆ సమయానికి మూడో తెగ గోడౌన్‌లో లారీ దింపించుకుంటూ ఉంటుంది. ‘స్టాఫ్‌కు చాలా ఈజీ’ అన్న తీర్మానం ఆ గదిలోనే ఏకగ్రీవంగా నెగ్గుతుంది.

తీర్మానానికి ఆధారం డెమో. డెమో కంపెనీలో సరుకులు మూడు, ఖాతాదారులు ఇద్దరు. ఇద్దరూ గడువు లోపలే బాకీ మొత్తం కట్టేస్తారు. తడిసి వచ్చిన కార్టన్లు, ఆర్డరు ఒకటైతే మరొకటి దింపిపోయే లారీలు, సగం ఇచ్చి మిగతాది పండగయ్యాక చూద్దామనే దుకాణదారు ఆ లోకంలో ఉండరు. చివర్లో యజమాని ముందు రంగురంగుల డ్యాష్‌బోర్డు తెరుచుకుంటుంది. ఒక్క క్లిక్కుతో నెల అమ్మకాలన్నీ కళ్ల ముందుంటాయి. ఆయనకది నిజంగానే ఈజీ. ఆ ఒక్క క్లిక్కు కోసం కింద గుమాస్తా ఎన్ని క్లిక్కులు కొట్టాలన్నదానికి గ్రాఫు ఉండదు. ఉండాలని అడిగేవారూ ఉండరు.

కింది సంగతి తెలియాలంటే సరుకు ఇన్‌వార్డ్ తెర ఒక్కటి చూస్తే చాలు. లారీ గేటు దగ్గర ఆగి ఉంటుంది. హమాలీలు కూలి కోసం నిలబడి ఉంటారు. గుమాస్తా ముందు ఎర్ర నక్షత్రం గుర్తున్న గడులు బారులు తీరి ఉంటాయి. అవి నింపనిదే సేవ్ కాదు. సరఫరాదారు ఫ్యాక్స్ నంబరు గడి కూడా వాటిలో ఒకటి. ఫ్యాక్సు యంత్రం ఎప్పుడో మూలపడింది గానీ గడి మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ‘రిమార్క్స్’ తప్పనిసరి గనుక గుమాస్తా అక్కడో చుక్క పెడతాడు. ఫోన్ నంబరు తప్పనిసరి గనుక పది తొమ్మిదులు కొడతాడు. అంతా నింపి సేవ్ నొక్కితే సెషన్ గడువు ముగిసిందని, మళ్లీ లాగిన్ కావాలని సందేశం వస్తుంది. మర్నాటి నుంచి అతను దారి మారుస్తాడు. వివరాలు నోటుబుక్కులో రాసుకుని, లారీని పంపించేసి, సాయంత్రం తీరిగ్గా ఎక్కిస్తాడు. యజమాని ‘రియల్ టైమ్ స్టాకు’ అని మురిసిపోయేది ఆ నోటుబుక్కు అంకెలు చూసే. నెలాఖరున హెడ్డాఫీసు ఆ రిపోర్టును ఎక్సెల్‌లోకి దించుకుని, చుక్కలూ తొమ్మిదులూ ఏరిపారేసి, అసలు లెక్క మళ్లీ కట్టుకుంటుంది.

ఈ కష్టానికి ఘనమైన వంశచరిత్ర ఉంది. ఐబీఎం నుంచి బయటికి వచ్చిన ఐదుగురు ఇంజనీర్లు 1972లో జర్మనీలో పెట్టిన ఎస్ఏపీ ఈ రంగానికి పెద్దన్న. అందులో కొనుగోలు ఆర్డరు వేయాలంటే ఎంఈ21ఎన్ అని కొట్టాలి, అమ్మకం ఆర్డరుకు వీఏ01. ఈ బీజాక్షరాలు కంఠతా పట్టినవారికి ఉద్యోగాలు దొరికాయి, వాటిని ఉపదేశించే కోచింగ్ సెంటర్లతో హైదరాబాద్‌లోని అమీర్‌పేట కళకళలాడింది. 2013లో ఆ సంస్థే ఫియోరి పేరుతో సులువైన తెరలు తెచ్చి, మొదట్లో వాటికి విడిగా రేటు కట్టింది. అంటే కష్టం ప్యాకేజీలోనే వస్తుంది, సులువు కావాలంటే పైన వేసుకోవాలి. వాడకందారుల సంఘాలు అభ్యంతరపెట్టాక 2014లో ఆ రేటు ఎత్తేసింది.

సాఫ్ట్‌వేర్‌ను సులభతరం చేసే పద్ధతులు ప్రస్తుతం నాలుగు వాడుకలో ఉన్నాయి. మొదటిది రంగులు మార్చడం. బూడిదరంగు బటన్ నీలం అవుతుంది, మూలలు గుండ్రబడతాయి, గడులు మాత్రం అన్నే ఉంటాయి. రెండోది శిక్షణ. డ్యూటీ దిగే వేళకు అందరినీ కూర్చోబెట్టి, సమోసా, టీ ఇచ్చి స్లైడ్లు చూపిస్తారు. మూడోది మాన్యువల్. ‘కస్టమర్ పేరు గడిలో కస్టమర్ పేరు నింపవలెను’ అని అది విశదీకరిస్తుంది. ఎర్రర్ వస్తే ‘అడ్మినిస్ట్రేటరును సంప్రదించవలెను’ అని చేతులు దులుపుకుంటుంది. నాలుగోది చాట్‌బాట్. ఎంత వెతికినా దొరకని బటన్ ఏ మెనూలో ఏ మూల దాక్కుందో అది మహా వినయంగా చెబుతుంది. ఆ బటన్‌ను కనబడే చోట పెట్టడమనే ఐదో పద్ధతి ఇంకా పరిశీలనలో ఉంది.

నాలుగూ అయ్యాక కూడా పని సాగకపోతే తప్పు సిబ్బందిదని, వారు మార్పును ఒప్పుకోరని నివేదిక వస్తుంది. ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. ఈ రంగంలో అది తిరగబడి, ఓటి మద్దెల అమ్మినవాడే ఆడేవారికి కాళ్లు రావంటున్నాడు.

సిబ్బంది నోరెత్తలేరు గనుక ఈ నివేదికలు చెల్లుబాటవుతాయి. వదిలిపోగలవారి దగ్గర చెల్లలేదు. సౌందర్య సాధనాల కంపెనీ ఏవన్ కొత్త ఆర్డర్ల వ్యవస్థను ముందుగా కెనడాలో పెడితే, అది వాడలేక అమ్మకం ప్రతినిధులు పెద్దసంఖ్యలో మానుకున్నారు. వారు జీతగాళ్లు కారు, కమిషన్ మీద అమ్ముకునేవారు. 2013 చివర్లో కంపెనీ ఆ ప్రాజెక్టును ఆపేసి, 10 కోట్ల డాలర్లకు పైగా నష్టం రాసుకుంది.

వదిలిపోలేనివారి దగ్గర బిల్లు మరోలా వస్తుంది. 2020 ఆగస్టులో సిటీబ్యాంకు, రెవ్లాన్ కంపెనీకి అప్పిచ్చినవారికి సుమారు 78 లక్షల డాలర్ల వడ్డీ పంపబోయి దాదాపు 90 కోట్ల డాలర్లు పంపింది. అసలు సొమ్ము బయటికి పోకుండా లోపలి ఖాతాకు మళ్లాలంటే బ్యాంకు వాడే ఫ్లెక్స్‌క్యూబ్ సాఫ్ట్‌వేర్ తెర మీద మూడు గడులు నింపాలి, నింపింది ఒకటే. ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు చూశారు, ముగ్గురికీ అంతా సరిగ్గానే కనిపించింది. అలా పోయిన సొమ్ములో దాదాపు 50 కోట్ల డాలర్ల కోసం బ్యాంకు 2022 దాకా కోర్టుల చుట్టూ తిరిగింది. ఆరు కళ్లకూ ఒకేలా కనబడిన పొరపాటును కళ్ల లోపం అనడానికి చాలా ధైర్యం కావాలి.

సిబ్బందికి కొత్తదంటే భయమన్న వాదన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ టాలీ దగ్గర నిలవదు. ఎఫ్5 కొడితే చెల్లింపు, ఎఫ్8 కొడితే అమ్మకం అని మిల్లుల్లో, మందుల షాపుల్లో అకౌంటెంట్ల వేళ్లు చూడకుండానే పరిగెడతాయి. ఆ తెర అందగత్తె కాదు. పని ముగించి ఇంటికి పంపుతుంది గనుక జనం నేర్చుకున్నారు.

సులువంటే ఏమిటో తెలియక జరుగుతున్నదీ కాదిది. 1998లోనే ఐఎస్ఓ 9241-11 ప్రమాణం కొలత చెప్పింది: ఫలానా వాడకందారు, ఫలానా పనిని, ఫలానా పరిస్థితిలో, ఎంత సరిగ్గా, ఎంత తక్కువ శ్రమతో, ఎంత తృప్తిగా చేయగలిగాడన్నదే లెక్క. అందులో యజమాని డ్యాష్‌బోర్డు ప్రస్తావన లేదు. కాబట్టి డెమో నాడు మౌస్‌ను గోడౌన్ గుమాస్తా చేతికివ్వాలి, తడిసిన కార్టన్ల బిల్లు ముందు పెట్టాలి, గేటు దగ్గర లారీ ఉండగా ఎక్కించమనాలి. ఎవరూ చదవని గడులు తీసేయాలి. అప్పటిదాకా ‘యూజర్ ఫ్రెండ్లీ’ అన్న మాటను బ్రోషర్లలోంచి తొలగించడం కనీస మర్యాద.