కర్త్రన్వేషిణి అను గ్రామసభా తీర్మాన వ్యాఖ్య

మూలం: “సదరు సి.సి. రోడ్డు పని విషయమై సభ్యులు కూలంకషముగా చర్చించి, ఏకగ్రీవముగా ఆమోదించి, పనిని వెంటనే చేపట్టుటకు తీర్మానించడమైనది.”

అవతారిక: ఈ గద్యం పంచాయతీ మినిట్స్ పుస్తకాలలోనిది. కవి అజ్ఞాతుడు. తిరువూరు డివిజనులో మామిడితోటల రెడ్డిగూడెం మొదలుకొని సముద్రపు ఒడ్డు దాకా ఏ ఊరి పుస్తకం తిప్పినా ఇదే వాక్యం. రోడ్డున్నచోట మురుగు కాలువ, కాలువ ఉన్నచోట శ్మశానం ప్రహరీ. అంతకుమించి పాఠభేదం లేదు. లేఖకులు ఇంత నిష్ఠగా కాపాడుకొచ్చిన గ్రంథం మన భాషలో మరొకటి లేదేమో. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఆయనకు కాళిదాసు దొరికాడు, చెల్లింది. మా మూలంలో ఉన్నదానికన్నా లేనిదే ఎక్కువ. కనుక ఆ ప్రతిజ్ఞ మేము చేయము.

ప్రతిపదార్థం: సదరు – పైన చెప్పినట్టి. (పైన ఏమీ చెప్పలేదు.) కూలంకషముగా, ఏకగ్రీవముగా – సులభములు, వదిలివేశాము.

సభ్యులు – వార్డు మెంబర్లని కొందరి మతం. అది నిలవదు. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారూ గ్రామసభ సభ్యులేనని రాజ్యాంగం 243వ అధికరణం, 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 6వ సెక్షను ఘోషిస్తున్నాయి. ఏడాదికి కనీసం రెండుసార్లు వాళ్లను పిలవాలి. పిలుస్తారు కూడా. ఎప్పుడు? పొద్దున పదకొండు గంటలకు. మామిడి కోతల రోజుల్లో పదకొండింటికి ఊళ్లో ఉండేదెవరో రెడ్డిగూడెం మండలంలో ఎవరినడిగినా చెబుతారు.

చర్చించి – ఇది క్త్వార్థకం. ఇక్కడ కాసేపు ఆగాలి. రెండు పనులకూ కర్త ఒకడే అయినప్పుడు ముందు జరిగినదానికి ఈ ప్రత్యయం రావాలని పాణిని మతం. అంటే చర్చించినవారే తీర్మానించాలి, చర్చ ముందు జరగాలి. “వానలు కురిసి పంటలు పండాయి” అని తెలుగులో వేరువేరు కర్తలతోనూ అంటాం కదా అని పూర్వపక్షం. అంటాం, నిజమే. వానకూ పంటకూ కనీసం సంబంధం ఉంది.

ఇక ముందువెనకల సంగతి. అర్థశాస్త్రం రెండో అధికరణంలో కౌటిల్యుడు ఖజానా సొమ్ము కాజేసే ఉపాయాలు నలభై లెక్కపెట్టాడు. మొట్టమొదటిది: ముందు జరిగినదాన్ని తరువాత ఎక్కించడం, తరువాత జరిగినదాన్ని ముందే ఎక్కించడం. ఆ పైన తక్కువ జరిగినదాన్ని ఎక్కువగా రాయడం, ఒకటి జరిగితే మరొకటిగా రాయడం, తూనికల్లో తేడా, కొలతల్లో తేడా. పని కొలతలు ఎక్కించే ఎం.బుక్ తెలిసిన ఏ అసిస్టెంటు ఇంజనీరుకైనా ఈ జాబితా కంఠస్థమే. శతాబ్దాలపాటు కనుమరుగైన ఈ గ్రంథం తాళపత్రాలు 1905లో మైసూరు ప్రాచ్యగ్రంథాలయానికి చేరాయి, 1909లో శ్యామశాస్త్రి అచ్చు వేయించాడు. గ్రంథం కనిపించని కాలంలోనూ ఆచరణ మాత్రం ఎక్కడా లోపించలేదు.

అదే అధ్యాయంలో కౌటిల్యుడు మరో మాటన్నాడు, దాన్ని ఎవరూ తలవరు. అనుమానం వస్తే లెక్క రాసినవాణ్ని, ఇచ్చినవాణ్ని, ఇప్పించినవాణ్ని, పుచ్చుకున్నవాణ్ని విడివిడిగా విచారించాలి. ఆపైన ఊళ్లో చాటింపు వేయించాలి: ఈ అధికారి వల్ల నష్టపోయినవాళ్లు వచ్చి చెప్పుకోండని. చెప్పుకున్నవాళ్లకు నష్టానికి తగినంత ఇప్పించాలి. గ్రామసభ అంటే ఇది కదా! 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ పెట్టి ఈ పద్ధతిని దేశానికి చూపించింది మన రాష్ట్రమే. ఆ సభల్లో కూలీ లేచి “నేను పనికి పోలేదు, నా పేరున మస్టరు ఎట్లా పడింది?” అని అడిగితే, ఆ ప్రశ్న అడిగినవారి పేరుతో సహా కాగితం మీదికొచ్చింది. అది వాక్యమంటే.

(మూలం ఎక్కడ విడిచామో వెతుక్కోవలసి వచ్చింది.)

తీర్మానించడమైనది – ఎవరిచేత? ఆకాంక్ష తీరదు. ఇది వ్యాకరణ దోషం కాదు, రక్షణ కవచం. రేపు రోడ్డు పగిలితే, కాలువ ఎత్తై ఇళ్లలోకి నీళ్లొస్తే, ఒద్దన్నవాడెవడు, కావాలన్నవాడెవడు అని తిరగేస్తే ఒక్క పేరూ దొరకదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. మంచి సంగతే. అన్ని పుస్తకాల్లో “ఈ రోడ్డు మాకొద్దు, ముందు మంచినీళ్ల పైపు వేయండి” అన్న ఒక్క మనిషి పేరైనా రాసి ఉందా అన్నదే మా ప్రశ్న. మినిట్స్ సంతకాలు పెట్టాక రాసుకోవచ్చునన్న ఆచారం పోనంతవరకు ఉండదు. ఖాళీ పేజీ కింద సంతకం తీసుకోవడాన్ని మర్యాద అనుకునే ఊళ్లున్నాయి!

వాక్యంలో కర్త లేడని పని ఆగదు. కర్త లేనిచోట కార్యకర్త ఉంటాడు, పని ఆయనకే వెళ్తుంది.

విశేషం: శిలాఫలకం దగ్గర వ్యాకరణం తలకిందులవుతుంది. మినిట్స్‌లో ఒక్క కర్తా లేని పనికి పాలరాతి మీద పదిమంది కర్తలు, హోదా వరుసన, ఒక్క పొల్లు తప్పితే గొడవ. రోడ్డు పొడవెంత, మందమెంత, అంచనా ఎంత, టెండరు ఎంత లెస్సుకు పోయింది, నీళ్లు కొట్టింది ఎన్ని రోజులు – వీటికి రాతి మీద చోటు చాలదు. ఉపాధి హామీ పనికి అంచనా, ఖర్చు రాసిన బోర్డు పెట్టాలన్న నియమం ఉంది. అది రేకు బోర్డు, ఇది పాలరాయి. ఏది నిలవాలనుకున్నారో తెలుస్తూనే ఉంది.

తాత్పర్యం: పనిచేయించినవారికి ఈ కర్తృలోపం హాయి. పనిచేసినవాడిని ఒక్కోసారి అదే ముంచుతుంది. 2014-19 మధ్య చేసిన ఉపాధి పనుల బిల్లులు “చెల్లించబడును” అనే క్రియ మీదే ఏళ్లకేళ్లు నడిచాయి. అప్పు తెచ్చి సిమెంటు కొన్నవాళ్లు వడ్డీలు కట్టుకుంటూ కూర్చున్నారు. చివరికి 2021లో హైకోర్టు ఆ క్రియకు కర్తను చేర్చింది: ప్రభుత్వం, 12 శాతం వడ్డీతో. “తీర్మానించడమైనది” మాత్రం ఇంకా ఏ కోర్టు మెట్లూ ఎక్కలేదు.