కాపరులకు పాసు లేదు

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలాన్ని అనేక క్రైస్తవ సంఘాలు అడ్వెంట్‌గా, అనగా ప్రార్థనతోను ఆత్మపరిశీలనతోను క్రీస్తు రాకకై ఎదురుచూసే దినాలుగా పాటిస్తాయి. తెలుగునాట ఆ ఎదురుచూపుకు ఓపిక చాలక, సెమీ క్రిస్మస్ పేరిట, అంటే పండుగకు ముందే చేసే పండుగగా, వేదికలు వెలుస్తాయి. వాటిపై నాయకుల కేకు కోతకూ శాలువాలకూ నడుమ వాక్యోపదేశం ఇరుక్కుపోతుంది. లూకా సువార్త ప్రకారం రక్షకుని జనన వార్త మొదట అందినది రాత్రివేళ మంద కాస్తున్న గొర్రెల కాపరులకే అయినా, నేటి సభలో వారికి ముందువరుస పాసు దొరకడం అనుమానమే. క్రీస్తు జననవేళ చోటివ్వని నాటి సత్రానికి వచ్చినదెవరో తెలియదన్న సాకైనా ఉంది. జన్మదినం ఎవరిదో ఫ్లెక్సీపై అచ్చు వేయించి మరీ ఆయనకు కుర్చీ వేయని నిర్వాహకులకు అదీ లేదు.