రాజుగారికి లేని పులిహోర డబ్బా

ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ ఉత్తర వేల్స్‌ను జయించాక, అక్కడి జనం మళ్ళీ తలెత్తకుండా సముద్రం ఒడ్డు పొడుగునా కోటలు లేపాడు. కాన్వీ కోట 1283లో మొదలైతే 1287కల్లా పూర్తయింది. కెర్నార్వన్ పని ఆ రాజు పోయాక కూడా సాగింది. బ్యూమారిస్ ఇవాళ్టికీ పూర్తి కాలేదు. ఈ మూడింటినీ మాంచెస్టర్‌లో ఉండే మా అబ్బాయి ఒక్క శనివారంలో పూర్తి చేశాడు. సాయంత్రం లాండిడ్నో బీచ్ అదనం.

విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రుల్ని ఆరునెలల్లోపు దేశమంతా తిప్పి పంపకపోతే ఊళ్ళో మాట వస్తుందని ఇక్కడి పిల్లల భయం. అందుకని సెలవు రోజు వచ్చిందంటే దండయాత్రే. మావాడి దగ్గర ఎక్సెల్ షీటుంది. కాన్వీకి గంట, కెర్నార్వన్‌కి ముప్పావుగంట, బ్యూమారిస్‌కి అరగంట, టాయిలెట్‌కి పది నిమిషాలు. అరవై దాటినవాళ్ళిద్దరు బండిలో ఉన్నారన్న సంగతి ఆ షీటుకెవరూ చెప్పలేదు.

మా ఆవిడ ఏ షీటూ వెయ్యలేదు. తెల్లవారకముందే లేచి పులిహోర కలిపింది. పెరుగన్నం, చపాతీలు, జంతికలు, ఆవకాయ సీసా, రెండు ఫ్లాస్కుల టీ, ఎందుకైనా మంచిదని ఉప్మా రవ్వ పొట్లం. డిక్కీలో మనవడి సైకిలుకి చోటు లేకుండా పోయింది.

"అక్కడన్నీ దొరుకుతాయమ్మా" అన్నాడు మావాడు.

"దొరుకుతాయి, దొరక్కపోతే?" అంది ఆవిడ. బండి కదిలింది.

వేల్స్‌లో 2023 నుంచి ఊళ్ళ మధ్య చాలా రోడ్లమీద వేగం గంటకి ఇరవై మైళ్ళే. మావాడి ప్రణాళికకి మొదటి గండి అక్కడే పడింది. ఆ తర్వాత పార్కింగ్. ఎనిమిది బురుజుల కాన్వీ కోట కళ్ళెదుట కనిపిస్తున్నా దాని చుట్టూ అరగంట ప్రదక్షిణాలు చేశాం. మధ్యయుగాల్లో ముట్టడి అంటే బహుశా ఇదే.

కోట చూసే పద్ధతి మనవాళ్ళకి ఒకటుంది. ముందు టికెట్ ధరని రూపాయల్లోకి మార్చి "అమ్మో" అనాలి. లోపలికెళ్ళాక "కప్పేదిరా?" అనాలి. తర్వాత ఆ కప్పులేని గోడ ముందు అందరం వరసగా నిలబడాలి. కొండవీడు ఎక్కని గుంటూరువాళ్ళు కాన్వీ బురుజులెక్కి సెల్ఫీలు దిగడం ఈ కాలపు వింతల్లో చిన్నది కాదు. అన్నట్టు, ఎడ్వర్డ్ ఈ ఊరి చుట్టూ ప్రహరీ కట్టి లోపల ఇంగ్లీషువాళ్ళనే కాపురం పెట్టాడు, వేల్స్‌వాళ్ళకి అక్కడ చోటు లేదన్నాడు. ఇప్పుడు ఆ కోటని చూసుకునేది వేల్స్ ప్రభుత్వమే. ఇంగ్లీషువాడైనా గేటు దగ్గర టికెట్ కొనుక్కునే లోపలికి పోవాలి. ఏడొందల ఏళ్ళు ఓపిక పడితే ప్రతీకారం ఇంత ప్రశాంతంగా ఉంటుంది.

లోపల ఒక మెట్టు మీద కూలబడి మా ఆవిడకి చరిత్ర చెప్పాను. 1294లో వేల్స్‌వాళ్ళు తిరగబడ్డారు. ఎడ్వర్డ్ స్వయంగా వచ్చి ఆ చలికాలంలో ఈ కోటలోనే చిక్కుకుపోయాడు. సరుకు సముద్రం మీంచే రావాలి. తిండి కరువైంది. మిగిలిన ఒక్క చిన్న పీపా ద్రాక్షసారాయిని తానొక్కడే తాగకుండా సైనికులకి పంచాడని చెప్తారు.

ఆవిడ శ్రద్ధగా విని అడిగింది: "అంత రాజు అయ్యుండి పచ్చడి జాడీ అయినా వెంటబెట్టుకోకుండా బయల్దేరాడా?"

ఊరి ప్రహరీతో కలిపి పదిహేను వేల పౌన్లు పోసి కట్టిన కోట మీద నేను విన్న విమర్శల్లో ఇంతకు మించింది లేదు. గోడలు ఎంత మందమన్నది మేస్త్రీ చూసుకునే సంగతి, ఎన్నాళ్ళు నిలబడతామన్నది వంటింటి సంగతి. బతికి బయటపడ్డాక ఆ రాజు చేసిన పనేమిటి? గిడ్డంగి నింపుకోలేదు, 1295లో బ్యూమారిస్ దగ్గర ఇంకో కోట మొదలుపెట్టాడు. డబ్బయిపోయి అది మధ్యలో ఆగింది.

1401 ముచ్చట ఇంకా బాగుంటుంది. గుడ్ ఫ్రైడే నాడు కావలివాళ్ళు ప్రార్థనకి పోతే, వడ్రంగులమని చెప్పుకుని వేల్స్ తిరుగుబాటుదారులు కోటలో దూరి దాన్ని పట్టేసుకున్నారు. "ఏ పని మీదొచ్చారని ఒక్కడైనా అడగలేదా?" అంది ఆవిడ.

ఊరి ప్రహరీకి దక్షిణం వైపు, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చినట్టు, పన్నెండు మరుగుదొడ్లు వరసగా ఉన్నాయి. పదమూడో శతాబ్దానివి. వాటిని మేం చూసింది కార్‌పార్కు టాయిలెట్ ముందు క్యూలో నిలబడ్డాక. ఎడ్వర్డ్ మీద అప్పుడు కొంచెం గౌరవం కలిగింది. రేవు పక్కన బ్రిటన్‌లోకెల్లా చిన్న ఇల్లు ఉంది: ఆరడుగుల వెడల్పు, కిందొక గది, పైనొక గది. హైదరాబాద్‌లో అయితే దాన్ని లగ్జరీ డూప్లెక్స్ అని అమ్మేవాళ్ళు. అందులో చివరగా ఉన్న జాలరి ఆరడుగుల మూడంగుళాల మనిషి.

కెర్నార్వన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 1969లో చార్లెస్‌కి యువరాజ పట్టం కట్టింది అక్కడే. మేం కోట బయటినుంచే ఫొటో తీసుకున్నాం. బ్యూమారిస్‌ను కారు కిటికీలోంచి చూశాం. షీటులో మాత్రం రెండింటికీ పచ్చరంగు పడింది.

లాండిడ్నోలో 1877 నాటి పియర్ ఉంది. సముద్రంలోకి ఏడొందల మీటర్లు పోతుంది, వేల్స్‌లో అంత పొడుగుది ఇంకోటి లేదు. చీర మీద కార్డిగన్, కాళ్ళకి స్పోర్ట్స్ షూస్, నెత్తిన మంకీ టోపీ: ఆ అవతారంలో మా ఆవిడ నీళ్ళ దాకా వెళ్ళి నాలుగు చుక్కలు తలమీద చల్లుకుని సముద్రస్నానం అయిందనిపించింది. కోడలు చిప్స్ కొనుక్కొచ్చింది. మనవడు పొట్లం విప్పాడో లేదో సీగల్ ఒకటి వచ్చి గుప్పెడు ఎత్తుకుపోయింది. పిల్లాడు గుక్కపట్టాడు. "అన్నీ దొరుకుతాయన్నావుగా" అని కొడుకుతో అని, మా ఆవిడ డిక్కీ తెరిపించింది. పులిహోర జోలికి సీగల్ రాలేదు.

అక్కడి గ్రేట్ ఆర్మ్ కొండ మీద విక్టోరియా రాణి కాలం నుంచీ కశ్మీరీ మేకలున్నాయి. 2020 లాక్‌డౌన్‌లో అవి ఊళ్ళోకి దిగి జనం పెరటి తోటలు మేశాయి. వాటి వీసా గడువు ఎవరూ అడిగినట్టు లేదు.

మీ పిల్లలు మిమ్మల్ని ఇటు తీసుకొస్తామంటే, ఒక్క కాన్వీ చాలని గట్టిగా చెప్పండి. పొద్దున్నే చేరుకోండి, తిండి వెంట తెచ్చుకోండి. ఊరి ప్రహరీ కిలోమీటరుకు పైగా ఉంటుంది, చాలాచోట్ల దానిమీద నడవనిస్తారు. ఆ నడకకి టికెట్ లేదు.