మేనేజరు ఏ సెలవులో ఉన్నాడు?

మీ సెక్షన్‌లో ఒకాయన తన వంతు పని పూర్తిచేయడం లేదు. రిపోర్టు శుక్రవారానికి వెళ్ళాలి. మేనేజరు సెలవులో ఉన్నారు. మీరేం చేస్తారు? ఒకటి, ఆయన పని కూడా మీరే చేసేస్తారు. రెండు, ఆయన్ని పక్కకు పిలిచి ఇబ్బందేమిటో కనుక్కుంటారు. మూడు, మేనేజరు పైనున్న మేనేజరుకు మెయిల్ కొడతారు. నాలుగు, శుక్రవారం రానీ, చూద్దాం అనుకుంటారు.

ఏదో ఒకదానికి టిక్కు పెట్టి బయటపడదామంటే కుదరదు. నాలుగింటికీ విడివిడిగా విలువ కట్టాలి. ఇది బాగా పనిచేస్తుంది, ఇది ఒక మోస్తరు, ఇది పనిచేయదు, ఇది ఉన్నదాన్ని కూడా చెడగొడుతుంది అని. ప్రశ్న నేను కల్పించిందే గానీ వరస మాత్రం అదే. బ్రిటన్‌లో ప్రభుత్వ ఉద్యోగానికి, అదీ కలెక్టరు హోదాది కాదు, మన జూనియర్ అసిస్టెంటుకు అటూ ఇటుగా ఉండే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ పోస్టుకు దరఖాస్తు పెట్టినా చాలాసార్లు మొదట తగిలేది ఇదే. సివిల్ సర్వీస్ జడ్జిమెంట్ టెస్ట్ అంటారు. హాల్ టికెట్ లేదు. సెంటర్ లేదు. గేటు దగ్గర చెవిపోగులు తీయించడం, చెప్పులు విప్పించడం, నిమిషం ఆలస్యమైందని తలుపు మూసేస్తే రోడ్డు మీద ఏడవడం ఏమీ లేవు. లింకు వస్తుంది, మంచం మీద కూర్చుని రాసుకోవడమే. టైం లిమిట్ కూడా లేదు. మనవాళ్ళకు చెబితే ఇది పరీక్షేనా అని అనుమానపడతారు.

మా అక్కయ్య కొడుకు లెస్టర్‌లో ఎమ్మెస్సీ చేశాడు. చదువయ్యాక రెండేళ్ళు ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా మీద ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలకు స్టిక్కర్లు అంటిస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా అప్లికేషన్లు పెడుతున్నాడు. అక్కడ పనిచేసే హక్కుంటే చాలు, కామన్‌వెల్త్ దేశాల వాళ్ళు కూడా బ్రిటన్ ప్రభుత్వంలో చాలా ఉద్యోగాలకు అర్హులే. ఒకప్పుడు మనల్ని ఏలిన ఆఫీసులో గుమాస్తాగా చేరే అవకాశం మనకు చట్టబద్ధంగానే ఉంది. పైగా దరఖాస్తు వడపోసేవాళ్ళకు అభ్యర్థి పేరు కనపడనివ్వరు. ఈ మాట వినగానే మా బావగారు ఫోన్‌లోనే గట్టిగా నిట్టూర్చారు. "ఇంటిపేరు కనపడకపోతే మనవాడో కాదో వాళ్ళకెలా తెలుస్తుందిరా?"

కుర్రాడు మొదటిసారి నిజాయితీగా రాశాడు. పైన చెప్పినటువంటి ప్రశ్న వస్తే, పక్కవాడి పని కూడా నేనే చేసేస్తాను అనేదానికి పూర్తి విలువ కట్టాడు. బీటెక్‌లో నలుగురి బ్యాచ్ ప్రాజెక్టు ఒక్కడే చేసి, మిగతా ముగ్గురికి వైవాలో ఏం చెప్పాలో కూడా నేర్పినవాడు అంతకన్నా ఏం రాస్తాడు? పోయింది. పాసయ్యావో లేదో చెప్పడంతో వాళ్ళు ఊరుకోరు. రాసినవాళ్ళలో నీకంటే వెనక ఎంతమంది ఉన్నారో శాతాల్లో చెబుతారు. మావాడి వెనక పెద్దగా ఎవరూ లేరు.

అప్పుడు రంగంలోకి దిగారు బావగారు. కాకినాడలో ఒక ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. మాదిరి ప్రశ్నలు ముందేసుకుని, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కొడుకుని వీడియో కాల్‌లో కూర్చోబెట్టారు. ప్రశ్న చదవగానే మొట్టమొదటి అభ్యంతరం.

"మేనేజరు ఏ సెలవులో ఉన్నాడురా?"

"సెలవు, నాన్నా. అంతే ఇచ్చారు."

"అంతే ఇస్తే ఎలా? ఈఎల్లా, మెడికల్ లీవా? మెడికలైతే ఏదో ఎంక్వైరీ వస్తోందని ముందే తెలిసి తప్పుకున్నట్టు. అలాంటప్పుడు ఆ రిపోర్టు జోలికి ఎవడూ పోకూడదు. సరే, ఎఫ్ఏసీ ఎవరికిచ్చారు?"

"అదీ ఇవ్వలేదు."

"ఇన్‌ఛార్జి ఆర్డరు లేకుండా మేనేజరు సెలవెలా శాంక్షనయింది? ఆ పని చేయనివాడు ఎవడు? కారుణ్య నియామకమా, ప్రమోటీయా? యూనియన్ మనిషా?"

"బ్రిటన్, నాన్నా!"

"బ్రిటనైతే యూనియన్లుండవా? మనకు నేర్పిందే వాళ్ళు. ఇంతకీ ఇది ఏ నెల్లో జరిగింది? మార్చయితే బడ్జెట్ ల్యాప్సైపోతుంది. మేలో అయితే బదిలీలు. బదిలీల టైంలో ఎవడూ ఎవడితోనూ పేచీ పెట్టుకోడు."

పక్కన మా అక్కయ్య నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. నేను కూడా నవ్వాను. నవ్వాక ఆలోచిస్తే ఆయన అడిగినదాంట్లో తప్పేముందో తోచలేదు. సందర్భాన్ని బట్టి మనిషి ఎలా నడుచుకుంటాడో కొలుస్తామని చెప్పి, ముందుగా ఆ సందర్భాన్నే పీకి పారేసి ప్రశ్న ఇస్తున్నారు. పేరులేని సహోద్యోగి, ఊరులేని ఆఫీసు, ఎవరి మనిషో తెలియని మేనేజరు. జీవితంలో ఏ ఆఫీసులోనైనా ఈ మూడూ తెలియకుండా ఒక్క కాగితం కదిపినవాడుంటే చూపించండి.

చివరికి బావగారు తీర్పు చెప్పారు. "రెండోది పెట్టు. పక్కకు పిలిచి మాట్లాడ్డం."

మావాడు ఆశ్చర్యపోయాడు. తన దగ్గరున్న గైడులో సరైన జవాబు కూడా అదే.

"మాట్లాడ్డం కన్నా క్షేమమైన పని గవర్నమెంటులో ఇంకోటి లేదురా. నాకు ఇష్టంలేని ఫైలు వస్తే మార్జిన్‌లో 'ప్లీజ్ డిస్కస్' అని రాసి కిందికి పంపేవాణ్ణి. పని ఆగిందని ఎవడూ అనలేడు, జరిగిందనీ అనలేడు. వాడొచ్చి డిస్కస్ చేసేసరికి నెల. చేశాక 'వివరాలు తెప్పించి పుటప్ చేయండి' అని రాస్తే ఇంకో నెల. ఆడిట్ పార్టీ కూడా వేలు పెట్టలేదు."

ఇక అక్కణ్ణుంచి ఆయనకు అడ్డులేదు. తొందరపడి నిర్ణయం తీసుకునే ఆప్షన్‌ కొట్టెయ్, సమాచారం సేకరించేదానికి మార్కులెయ్. ఒక్కడివే చేసేది కొట్టెయ్, అందర్నీ కలుపుకునేదానికి వెయ్. కుదరదని మొహం మీద చెప్పేది వద్దు, పైవాళ్ళకు తగిన సమయంలో తెలియజేసేది ముద్దు. మావాడు గైడుతో పోల్చి చూసుకుంటే దాదాపు అన్నీ సరిపోయాయి. గైడు వాటినే కలిసి పనిచేయడం, ఆధారాలతో నిర్ణయించడం, బాధ్యతగా పైకి తీసుకెళ్ళడం అని ఇస్త్రీ చేసి చెబుతోంది. ఆదర్శ ఉద్యోగి పెట్టే టిక్కులూ ఫైలును ఏళ్ళ తరబడి నానబెట్టే ఉద్యోగి పెట్టే టిక్కులూ ఒక్కటే. కంప్యూటరుకు టిక్కు కనపడుతుంది గానీ దాని వెనకున్న ముప్ఫయ్యేళ్ళ సర్వీసు కనపడదు కదా!

ఈ టెస్టులో ఇంకో భాగం కూడా ఉంది. మన గురించి మనమే చెప్పుకోవాలి. ఒత్తిడిలో కూడా ప్రశాంతంగా ఉంటాను, ఇతరుల అభిప్రాయాలకు విలువిస్తాను లాంటి వాక్యాలతో ఎంతవరకు ఏకీభవిస్తావు అంటారు. మా అక్కయ్య ఇక్కడ మాత్రం తలదూర్చింది. క్రికెట్ మ్యాచ్ ఓడిపోతే రిమోట్ గోడకేసి కొట్టినవాడు ప్రశాంతంగా ఉంటానని ఎలా రాస్తాడని ఆవిడ పట్టు. రాయకపోతే ఉద్యోగం రాదని బావగారు.

ఈ పరీక్షల వ్యవహారానికి మూలపురుషుడెవరా అని చూస్తే ఇంకా మజాగా ఉంది. సిఫారసుల మీద కాదు, పోటీ పరీక్షల మీద ఉద్యోగాలివ్వాలని 1854లో బ్రిటన్ ప్రభుత్వానికి రిపోర్టు రాసిన ఇద్దరిలో చార్లెస్ ట్రెవెల్యాన్ ఒకడు. మరో అయిదేళ్ళకు, 1859లో, మద్రాసు గవర్నరుగా వచ్చాడు. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు మద్రాసు కిందే. అంతలో కలకత్తాలో జేమ్స్ విల్సన్ అనే ఆర్థిక సభ్యుడు దేశానికి ఇన్‌కంటాక్సు పట్టుకొచ్చాడు. ది ఎకనమిస్ట్ పత్రిక పెట్టినాయనే ఈయన. ట్రెవెల్యాన్‌కు ఆ పన్ను నచ్చలేదు. ఇప్పుడు ప్రశ్న: పై ప్రభుత్వం నిర్ణయం మీకు నచ్చలేదు. మీరేం చేస్తారు? నోరుమూసుకుని అమలు చేస్తారా, విడిగా మాట్లాడతారా, లండన్‌కు రాస్తారా, మీ అభ్యంతరాల నోటు పత్రికలకు ఎక్కిస్తారా? ట్రెవెల్యాన్ మహాశయుడు పత్రికలకెక్కించాడు. ఉన్నదాన్ని కూడా చెడగొట్టే ఆప్షన్ అన్నమాట. 1860లో లండన్ ఆయన్ని వెనక్కి పిలిపించేసింది. పరీక్షలు పెట్టమన్న మనిషి ఈనాటి పరీక్ష రాస్తే మావాడికి వెనక తోడుండేవాడు.

కథ అంతటితో అయిపోలేదు. 1862లో అదే ట్రెవెల్యాన్ కలకత్తాకు తిరిగొచ్చాడు, ఆర్థిక సభ్యుడిగా! తగూ పెట్టుకున్న కుర్చీలోనే కూర్చున్నాడు. ఇది బావగారికి చెబితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పైన ఎవరో ఉండుంటారు" అన్నారు. ఉన్నారు. అప్పటి ఇండియా మంత్రి చార్లెస్ వుడ్. వెనక్కి పిలిపించిందీ ఆయన హయాంలోనే, మళ్ళీ పంపిందీ ఆయన హయాంలోనే. అంతకుముందు వుడ్ బ్రిటన్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు ట్రెవెల్యాన్ ఆ శాఖలోనే పెద్ద అధికారి. ఇవేవీ తెలియకుండానే కాకినాడ నుంచి కేసు తేల్చేశారు మా బావగారు. ఇలాంటి తెలివికి మార్కులేసే పరీక్ష ఇంకా పుట్టలేదు.

మనవాళ్ళు వెనకబడ్డారని కాదు. 2011లో యూపీఎస్సీ సివిల్స్ ప్రిలిమ్స్‌లో సీశాట్ పేపరు తెచ్చినప్పుడు నిర్ణయాలు తీసుకునే సామర్థ్యం పేరుతో ఇలాంటి ప్రశ్నలే పెట్టింది. మిగతా ప్రశ్నలకు తప్పు రాస్తే మైనస్, వీటికి మాత్రం మైనస్ లేదు. అంతరాత్మకు సంబంధించిన విషయంలో తప్పుచేస్తే నష్టమేమీ ఉండదని భావి కలెక్టర్లకు ముందే తెలియజేసిన పద్ధతి నాకు నచ్చింది. తర్వాత ఆ ప్రశ్నలు పేపర్లో కనపడ్డం మానేశాయి, సిలబస్‌లో మాత్రం ఆ ముక్క అలాగే ఉండిపోయింది. ఖాళీ అయినా రద్దుకాని పోస్టులాగా. 2013 నుంచి మెయిన్స్‌లో ఎథిక్స్ పేపరొకటి వచ్చింది, 250 మార్కులకు. దానికి కోచింగ్ ఉంది. నీతికి టెస్ట్ సిరీస్, నిజాయితీకి క్రాష్ కోర్సు. బ్యాంకులు కూడా ఈ దారి పట్టాయి. స్టేట్ బ్యాంకు పీవో ఉద్యోగానికి ఇంటర్వ్యూ దశలో సైకోమెట్రిక్ టెస్టు పెడుతోంది. మిలిటరీ వాళ్ళది మరీ మొరటు. సెలక్షన్ బోర్డులో అరవై సందర్భాలిచ్చి అరగంటలో రాయమంటారు. ఏ సెలవని అడిగే వ్యవధి కూడా ఉండదు.

సీశాట్ తొలినాళ్ళలో ఒక ప్రశ్న వచ్చింది. మీరు యూనివర్సిటీలో ప్రశ్నపత్రం తయారుచేస్తున్నారు. గతంలో మీకు సాయపడ్డ సహోద్యోగి వచ్చి, మా అబ్బాయికిదే ఆఖరి అవకాశం, ఏమేం వస్తాయో కాస్త చెప్పండి అంటాడు. ఏం చేస్తారు? చెప్పకూడదని మన పిల్లలందరికీ తెలుసు. 2022 అక్టోబరులో తెలంగాణలో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాసిన లక్షల మందికి కూడా తెలుసు. 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. పేపరు కమిషన్ ఆఫీసులోని కంప్యూటర్లోంచే బయటికి వెళ్ళిందట. జూన్‌లో మళ్ళీ పెట్టారు. బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబరులో హైకోర్టు అదీ కొట్టేసింది. కొత్త నోటిఫికేషన్ ఇచ్చి, 2024 జూన్‌లో మరోసారి. వయసు మీదపడుతూ మూడుసార్లు అదే ప్రిలిమ్స్ రాసిన అభ్యర్థి సహనానికి ఏ ఆప్షన్ కింద మార్కులేస్తారో తెలియదు. సందర్భోచితంగా ఎలా నడుచుకోవాలన్న పరీక్ష ముందు ఎవరికి పెట్టాలో మాత్రం ఆ అభ్యర్థులకు బాగా తెలుసు.

మావాడి సంగతి చెప్పలేదు కదూ. ఈసారి వేరే పోస్టుకు టెస్టు ఒంటరిగానే రాశాడు, తండ్రి నూరిపోసిన సూత్రాలతో. పాసయ్యాడు. ఇంటర్వ్యూ కూడా అయింది. అందులోనూ నెగ్గాడు గానీ పోస్టులు చాలక రిజర్వ్ లిస్టులో పెట్టారు. ఖాళీ వస్తే పిలుస్తారు, సాధారణంగా ఏడాది దాకా పేరుంటుంది. వార్త తెలియగానే బావగారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఆ లిస్టు ఎవరి సీట్లో ఉందో కనుక్కోరా."

"ఇక్కడ అలా అడక్కూడదు, నాన్నా."

"అడగమని ఎవడన్నాడు? ప్లీజ్ డిస్కస్ అంటున్నా."